ప్రశ్నకూ పరీక్ష ఉండాలి

పదో తరగతి పరీక్షలు దగ్గర పడుతున్నాయంటే అయినవిల్లి సిద్ధి వినాయకుడి సన్నిధిలో పెన్నులకు పూజ జరుగుతుంది. స్వామి ముందు రాశిగా పోసి అర్చించిన పెన్నులను పిల్లలకు పంచిపెట్టడం కోనసీమలో ఆనవాయితీ. అమలాపురం, రాజోలు, కొత్తపేట చుట్టుపక్కల బడిపిల్లలు ఆ పెన్నును కళ్లకద్దుకుని దాచుకుంటారు. తెలుగు పరీక్ష రోజున బయటికి తీస్తారు. పిల్ల చదివిందా, చేతిరాత కుదిరిందా, టైము చాలుతుందా అని ఇంటిల్లిపాదీ ఆలోచిస్తారు. అడిగిన ప్రశ్న అందరికీ ఒకేలా అర్థమవుతుందా అన్న అనుమానం మాత్రం ఎవరికీ రాదు. ప్రశ్నపత్రం మీద మనకున్న నమ్మకం అంత గట్టిది. ఆ నమ్మకానికి తగిన శ్రద్ధ అడిగేవారి వైపు నుంచి కూడా ఉండాలి. అది లేనప్పుడు నష్టపోయేది శ్రద్ధగా చదివిన పిల్లలే.

లెక్కల పేపర్లో అంకె తప్పుపడితే సాయంత్రానికల్లా టీచర్లు పట్టేస్తారు. మర్నాడు పత్రికల్లో వస్తుంది. మార్కులు కలుపుతారు. తెలుగు పేపర్లో వ్యాసప్రశ్న రెండు రకాలుగా అర్థమైతే ఆ సంగతి ఎక్కడా నమోదు కాదు. పరీక్ష కేంద్రం గేటు బయట ఇద్దరు స్నేహితురాళ్లు ప్రశ్నపత్రం మడత విప్పి సరిచూసుకునేటప్పుడే బయటపడుతుంది. ‘ఇది దాని గురించి అడిగారా? నేను ఇంకోలా రాశానే!’ అంటూ ఒక పిల్ల ముఖం పాలిపోతుంది. తీసుకెళ్లడానికి బండి మీద వచ్చిన నాన్న అడిగే మొదటి మాట, ‘ప్రశ్న సరిగ్గా చదవలేదా అమ్మా?’ అని. ఆ ఒక్క మాటతో నేరమంతా పిల్ల మీదకు వచ్చేస్తుంది. మిగిలిన పరీక్షలన్నీ ఆ బరువుతోనే రాస్తుంది.

ఒక ప్రశ్న ఊహించుకుందాం. ‘మీ ప్రాంతంలో సంక్రాంతి జరుపుకునే తీరును వివరిస్తూ వ్యాసం రాయండి’ అని అడిగారు. అడిగినవారి మనసులో భోగిమంటలు, గొబ్బెమ్మలు, హరిదాసు, గంగిరెద్దు, పిండివంటలు వరసగా ఉంటాయి. మూల్యాంకన సూత్రాల్లోనూ అవే పాయింట్లుగా పడతాయి. గంగలకుర్రులోనో వ్యాఘ్రేశ్వరంలోనో పుట్టి పెరిగిన పిల్లకు ఆ ప్రశ్నలో ముందుగా కనిపించేది ‘మీ ప్రాంతంలో’ అన్న మాట. ఆమెకు సంక్రాంతి అంటే కనుమ నాటి జగ్గన్నతోట. పదకొండు ఊళ్ల శివుళ్లు ప్రభల మీద తరలివచ్చి ఒక్కచోట కొలువుదీరే తీర్థం. వెదురు వంచి కట్టిన ప్రభలు, వాటికి చుట్టిన రంగురంగుల అలంకారాలు, పచ్చటి చేలకు అడ్డంపడి భుజాలు మార్చుకుంటూ మోసుకొచ్చే జనం, కౌశిక కాలువలో దిగి పీకలోతు నీళ్లలోనూ ప్రభ ఒరగకుండా గట్టెక్కించే యువకులు, గట్టు మీద ఊపిరి బిగబట్టి చూసే అమ్మలు. ఆ పిల్ల మూడు పేజీలూ ఇదే రాస్తుంది. భోగిమంటకు ఒక వాక్యం, పిండివంటలకు ఒక వాక్యం మాత్రమే దక్కుతాయి.

పదో తరగతి జవాబు పత్రాలను సొంత జిల్లాలో దిద్దరు. కోడ్ వేసి వేరే జిల్లా స్పాట్ క్యాంపుకు పంపుతారు. పక్షపాతానికి తావివ్వని మంచి పద్ధతి అది. అయితే ప్రభ అంటే ఏమిటో ఎన్నడూ చూడని ఎగ్జామినరు ముందు ఆ కాగితాలు పడితే, ‘ఒక్క అంశమే రాసింది, విషయం పూర్తిగా లేదు’ అని ఎనిమిది మార్కుల ప్రశ్నకు నాలుగు వేసి పక్కన పెట్టే అవకాశం ఉంది. 2023 రిపబ్లిక్ డే నాడు ఢిల్లీ కర్తవ్యపథ్‌లో ఆంధ్రప్రదేశ్ శకటంగా కదిలింది ఈ ప్రభల తీర్థమే. దేశమంతా చూసిన పండుగ గురించి, ఆ ఊరి పిల్ల తన కళ్లతో చూసి రాసిన వ్యాసానికి సగం మార్కులు పోతే తప్పు ఎవరిది? ఆమె ప్రశ్నలోని ప్రతి మాటనూ లెక్కలోకి తీసుకుంది. అడిగినవారు తమ మాటను అంత శ్రద్ధగా చూసుకోలేదు.

పొరపాటు పడే పిల్లలందరూ ఒక్కటి కాదన్నది ఇక్కడ గుర్తుంచుకోవాలి. గైడు బట్టీపట్టి, ప్రశ్నలో తెలిసిన పేరొకటి కనిపించగానే కంఠతా వచ్చిన జవాబు దింపేసే పిల్లవాడు ఉన్నాడు. ‘పోతన’ అని కనబడితే చాలు, కవి పరిచయం మొత్తం కుమ్మరించేస్తాడు. అతను ప్రశ్న చదవలేదు. అలా తయారు చేసిన చదువును మార్చుకోవలసిన బాధ్యత మనదే అయినా, ఆ జవాబుకు మార్కులు తగ్గడంలో అన్యాయం లేదు. రెండో పిల్లవాడు ప్రశ్నను రెండుసార్లు చదివాడు. ‘పోతన భక్తిని వివరించండి’ అన్న వాక్యం దగ్గర ఆగాడు. పోతన అనే మనిషిలోని భక్తా, భాగవతంలో ప్రహ్లాదుడి ద్వారా, గజేంద్రుడి ద్వారా ఆయన చూపించిన భక్తా అని ఆలోచించాడు. ఒక దారి ఎంచుకుని, దానికి కట్టుబడి, ఆధారాలతో రాశాడు. అడిగినవారి మనసులో ఉన్నది రెండో దారి. ఈ ఇద్దరినీ ‘ప్రశ్నకు సంబంధం లేని జవాబు’ అనే ఒకే గాటన కట్టడం విచారకరం. సాహిత్యం నేర్పవలసిన పని రెండో పిల్లవాడు చేశాడు. మాట ముందు ఆగాడు, ఆలోచించాడు, ఎంచుకున్నాడు.

పైతరగతుల్లో ఈ చిక్కు ఇంకా ఎక్కువ. డిగ్రీ, పీజీ తెలుగు విద్యార్థికి ‘తిక్కన ద్రౌపది పాత్రచిత్రణను నన్నయతో పోల్చి రాయండి’ అనే ప్రశ్న ఎదురైందనుకుందాం. నన్నయ తీర్చిన ద్రౌపదితో పోల్చాలా, నన్నయ పాత్రచిత్రణ పద్ధతి అంతటితో పోల్చాలా? సభాపర్వంలోని ద్రౌపదిని, విరాట ఉద్యోగ పర్వాల ద్రౌపదిని పక్కపక్కన పెట్టిన వ్యాసం ఒకటవుతుంది. ఇద్దరు కవుల శైలీభేదాన్ని చర్చించిన వ్యాసం మరొకటవుతుంది. రెండూ మంచివే. ‘నన్నయ ద్రౌపదితో’ అని ఒక్క మాట చేర్చి ఉంటే హాల్లో కూర్చున్న విద్యార్థికి పది నిమిషాల తర్జనభర్జన తప్పేది.

కోనసీమకు ఈ సమస్య కొత్తది కాదు. తెలుగువారి చదువుల చరిత్రలో అతి పెద్ద వివాదం రాజుకున్నది ఒక వ్యాసపరీక్ష నిబంధన దగ్గరే. 1912 ప్రాంతంలో మద్రాసు రాష్ట్రపు స్కూల్ ఫైనల్ బోర్డు ఒక వెసులుబాటు ఇచ్చింది. పిల్లలు తెలుగు వ్యాసాన్ని కావ్యభాషలో గాని ఆధునిక భాషలో గాని రాయవచ్చని చెప్పింది. ఆధునిక భాష అంటే ఏదన్న ప్రశ్న వెంటనే పుట్టింది. బోర్డు మచ్చుకు కొన్ని పుస్తకాల పేర్లు చెప్పింది. అందులో ఏనుగుల వీరాస్వామి కాశీయాత్ర చరిత్ర ఒకటి. ఆ యాత్ర జరిగింది 1830, 31 సంవత్సరాల్లో. ఎనభై ఏళ్ల కిందటి రచనను నమూనాగా చూపి ‘ఇదిగో ఆధునిక భాష’ అంటే మాస్టారికి ఏం అర్థమవుతుంది, పిల్లవాడికి ఏం అర్థమవుతుంది? ఇంట్లో మాట్లాడినట్టు రాయవచ్చా, చదువుకున్నవారు మాట్లాడినట్టు రాయాలా, ఏ జిల్లా వాడుక రాయాలి అన్నవి తేలలేదు.

తేల్చడానికి పెద్దలు రెండు పక్షాలుగా నిలబడ్డారు. ఒకవైపు గిడుగు వెంకట రామమూర్తి పంతులు, గురజాడ అప్పారావు. రెండోవైపు జయంతి రామయ్య పంతులు. రామయ్య పంతులు కోనసీమ బిడ్డ. ఇప్పుడు అయినవిల్లి మండలంలో ఉన్న ముక్తేశ్వరంలో 1860లో పుట్టారు. 1911లో ఏర్పడిన ఆంధ్ర సాహిత్య పరిషత్తుకు ప్రాణం పోసిన మనిషి. గిడుగు 1913లో ఆధునిక తెలుగు పక్షాన ఇంగ్లీషులో విజ్ఞాపన పత్రం ప్రకటించారు. అదే సంవత్సరం సాహిత్య భాషను సమర్థిస్తూ రామయ్య పంతులు ఇంగ్లీషులోనే పుస్తకం వేశారు. 1914లో గురజాడ మద్రాసు విశ్వవిద్యాలయానికి తన అసమ్మతి పత్రం సమర్పించారు. చివరికి గ్రాంథికవాదుల మాట నెగ్గింది. పిల్లలకిచ్చిన వెసులుబాటు రద్దయింది. చదువుల్లో వాడుక భాషకు గట్టి చోటు దొరకడానికి ఆ తర్వాత కొన్ని దశాబ్దాలు పట్టింది.

ఇవాళ మనమంతా గిడుగు వారి దారిలోనే రాస్తున్నాం. ఆయన పుట్టిన ఆగస్టు 29ని తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకుంటున్నాం. అంతమాత్రాన రామయ్య పంతుల్ని చిన్నచూపు చూడనక్కర్లేదు. పిఠాపురం మహారాజా అండతో సూర్యరాయాంధ్ర నిఘంటువు అనే మహాకార్యానికి పూనుకున్నది ఆయన నడిపిన పరిషత్తే. ఇద్దరికీ తెలుగంటే ప్రాణం. వారి వాదంలో ఎవరు గెలిచారన్నదాని కన్నా ఈ సందర్భంలో మనకు కావలసిన పాఠం మరొకటి ఉంది. ఒక పరీక్ష నిబంధనలోని మాటకు అర్థమేమిటో దేశంలోని మహాపండితులే ఏళ్ల తరబడి తేల్చుకోలేకపోయారు. ఆ మాటను స్పష్టం చేసే బదులు, దాన్ని నమ్మి రాయబోయిన పిల్లల స్వేచ్ఛను తీసేశారు. అడిగేవారి అస్పష్టతకు మూల్యం రాసేవారే చెల్లించాలన్న అలవాటు మనకు అప్పటి నుంచీ ఉంది. ముక్తేశ్వరం, అయినవిల్లి పక్కపక్కనే ఉన్న ఈ సీమలో దాన్ని మానుకోవడం గురించి ఆలోచించడం సముచితం.

ఇతర దేశాల్లోనూ ప్రశ్నలు తప్పుతాయి. తప్పినప్పుడు ఎవరు బాధ్యత వహించారన్నది గమనించాలి. 2017 మేలో ఇంగ్లండులో జీసీఎస్‌ఈ ఆంగ్ల సాహిత్యం పరీక్షలో, ఓసీఆర్ అనే పరీక్షల సంస్థ రోమియో జూలియట్ నాటకం మీద ఒక ప్రశ్న ఇచ్చింది. కాప్యులెట్ కుటుంబం మీద టిబాల్ట్‌కు ఉన్న ద్వేషం కథను ఎలా ప్రభావితం చేసిందో రాయమంది. టిబాల్ట్ స్వయంగా కాప్యులెట్. అతను ద్వేషించేది మాంటేగ్ కుటుంబాన్ని. నాటకం పైపైన చదివిన పిల్లవాడు ఆ వాక్యం మీదుగా సాఫీగా సాగిపోగలడు. శ్రద్ధగా చదివినవాడి పెన్ను అక్కడే ఆగిపోతుంది. ఆ పేపరు రాసినవారు 14,000 మందికి పైగా ఉన్నారు. సంస్థ తప్పు ఒప్పుకుని, ఎవరికీ నష్టం రాకుండా దిద్దిస్తామని ప్రకటించింది. అంతటితో వదిలిపెట్టకుండా నియంత్రణ సంస్థ ఆఫ్‌క్వాల్ 2018లో ఓసీఆర్‌కు 1,75,000 పౌండ్ల జరిమానా విధించింది. ప్రశ్న అడగడమూ ఒక బాధ్యతేనని, అందులో తప్పితే జవాబు చెప్పవలసింది పిల్లలు కారని ఆ తీర్పు సారాంశం.

మన దగ్గర పోటీ పరీక్షల్లో ఈ స్పృహ కొంత వచ్చింది. ఆబ్జెక్టివ్ పరీక్ష అయితే ప్రాథమిక కీ విడుదల చేస్తారు. అభ్యంతరాలు తీసుకుంటారు. నిపుణులు పరిశీలించాక తుది కీ ఇస్తారు. ప్రశ్నే తప్పని తేలితే మార్కులు కలుపుతారు. ఒక్క మార్కు బిట్టుకు ఇంత దారి ఉంది. ఎనిమిది మార్కుల వ్యాసానికి ఏ దారీ లేదు. పదో తరగతి ఫలితాల తర్వాత ఉన్న రీకౌంటింగు మార్కుల కూడిక సరిచూడటానికి పనికొస్తుంది. రీవెరిఫికేషన్ పెడితే దిద్దకుండా వదిలిన జవాబు బయటపడుతుంది, జవాబుపత్రం నకలూ చేతికొస్తుంది. ‘నేను ప్రశ్నను ఇలా అర్థం చేసుకున్నాను, అది సమంజసమే’ అని చెప్పుకోవడానికి పిల్లకు గాని, ఆమె తరఫున తెలుగు టీచరుకు గాని వేదిక లేదు.

చిత్రమేమిటంటే, మాట రెండు వైపులా పలకడాన్ని మన సాహిత్యం ఎంతో గౌరవించింది. పింగళి సూరన రాఘవపాండవీయంలో ఒకే పద్యం రామకథగానూ భారతకథగానూ నడుస్తుంది. అలా రాసినందుకు నాలుగు శతాబ్దాలు దాటినా ఆయనకు జేజేలు పలుకుతున్నాం. అవధాన సభల్లో సమస్యాపూరణం అందరికీ తెలిసినదే. పృచ్ఛకుడు కావాలనే అసంబద్ధంగా, ఒక్కోసారి అనుచితంగా కనిపించే పాదం ఇస్తాడు. అవధాని దాన్ని మరో వైపు నుంచి విరిచి, మరో అర్థం తెచ్చి, సొగసైన పద్యంగా నిలబెడతాడు. అడిగినవాడు ఊహించని అర్థం తెచ్చినందుకే సభ చప్పట్లు కొడుతుంది. తిరుపతి వెంకట కవులు ఊరూరా ఆ విద్యను ఊరేగించిన గోదావరి సీమ ఇది. ఆ సభలో పృచ్ఛకుడు అవధాని ఎదుటే కూర్చుంటాడు. సందేహం వస్తే అడగవచ్చు, చెప్పించుకోవచ్చు. పరీక్ష హాల్లో ప్రశ్న అడిగినవారు ఎవరో, ఎక్కడున్నారో తెలియదు. ఇన్విజిలేటరు నోరు విప్పకూడదు. పిల్ల ఒంటరిగా తేల్చుకోవాలి. ఎదుట లేని పృచ్ఛకుడు తన ప్రశ్నను మరింత జాగ్రత్తగా కట్టి పంపడం కనీస ధర్మం.

చేయవలసినవి కష్టమైన పనులేమీ కావు. ప్రశ్నపత్రం తయారయ్యాక, జవాబు పాయింట్లు చూపించకుండా, వేరే ప్రాంతానికి చెందిన ఒక ఉపాధ్యాయుడి చేత ఆ వ్యాసప్రశ్నలు చదివించాలి. ఏం రాయాలని ఆయనకు అర్థమైందో చెప్పించుకోవాలి. అడిగినవారి ఉద్దేశానికీ ఆయన చెప్పినదానికీ తేడా వస్తే వాక్యం మార్చాలి. రహస్యం కాపాడే ఏర్పాట్లలోనే దీనికీ చోటు కల్పించవచ్చు. స్పాట్ మొదలయ్యే రోజున చీఫ్ ఎగ్జామినర్లు తమ బృందంతో కూర్చుని కొన్ని జవాబు పత్రాలు కలిసి చదివి, వ్యాసప్రశ్నను పిల్లలు ఎన్ని రకాలుగా తీసుకున్నారో చూడాలి. సమంజసమైన ప్రతి అర్థానికీ మార్కులిచ్చే వీలు మూల్యాంకన సూత్రాల్లోనే రాసి ఉండాలి. రోజుకు ఇన్ని పేపర్లు దిద్దాలన్న ఒత్తిడిలో కూర్చున్న ఎగ్జామినరుకు, ఆ ఒక్క వాక్యం కొండంత అండ. న్యాయం చేయాలని ఆయనకూ ఉంటుంది. చేతిలో ఉన్న కాగితం అనుమతించాలి.

బడిలో తెలుగు మాస్టార్లు చేయగలిగినదీ ఉంది. జవాబులు నేర్పినంత శ్రద్ధగా ప్రశ్న చదవడం నేర్పాలి. పదో తరగతి పరీక్షలో ప్రశ్నపత్రం చదువుకోవడానికే 15 నిమిషాలు ఇస్తున్నారు. ఉదయం తొమ్మిదిన్నరకు మొదలయ్యే పరీక్ష పన్నెండూ ముప్పావు వరకు సాగేది అందుకే. ఆ పావుగంటలో ఏం చేయాలో మన పిల్లలకు ఎవరూ చెప్పడం లేదు. ఎక్కడ ఎవరి గురించి అడిగారు, ఎంతవరకు అడిగారు, వివరించమన్నారా సమర్థించమన్నారా అని మనసులో గీత గీసుకోవడం అలవాటు చేయాలి. రెండు అర్థాలు తోస్తే కంగారుపడకుండా, వ్యాసం మొదటి వాక్యంలోనే ‘ఈ ప్రశ్నను నేను ఇలా గ్రహించి రాస్తున్నాను’ అని సూటిగా చెప్పేయమనాలి. ఆ వాక్యం దిద్దేవారికి దారి చూపిస్తుంది. ‘ఏమీ తెలియక పక్కదారి పట్టింది’ అన్న అపోహను తుడిచేస్తుంది. కాలేజీలో, ఉద్యోగంలో, కోర్టు కాగితం ముందు, బ్యాంకు ఫారం ముందు కూడా ఇదే అలవాటు కాపాడుతుంది.

తల్లిదండ్రులకు చేసే మనవి ఇంకా చిన్నది. గేటు బయట బిడ్డ దిగులుగా కనిపిస్తే ‘ఏం అడిగారమ్మా, నువ్వేం అనుకుని రాశావు’ అని అడగండి. బిడ్డ చెప్పేది పూర్తిగా వినండి. చాలాసార్లు ఆ జవాబులో పొరపాటు కన్నా ఆలోచనే ఎక్కువ ఉంటుంది. ‘బాగానే రాశావు, రేపటి పరీక్ష చూసుకో’ అన్న మాటకు అయినవిల్లి స్వామి ప్రసాదమంత బలం ఉంది.

తెలుగు చదివే పిల్లలు తగ్గిపోతున్నారని ఏటా బాధపడుతున్నాం. చదువుతున్న కొద్దిమందిలో, సొంతంగా ఆలోచించి రాసినవారికి మార్కులు తగ్గించి, గైడు దింపినవారికి నిండుగా వేస్తే, భాష మీద మిగిలిన ఆ కాస్త మమకారమూ పోతుంది. పరీక్షల విభాగం పెద్దలకూ, ఈ ఏడు స్పాట్‌కు వెళ్లబోయే తెలుగు ఉపాధ్యాయులకూ విన్నపం ఒక్కటే. మీరనుకోని అర్థంలో రాసిన వ్యాసం చేతికొచ్చినప్పుడు, ఎర్రపెన్ను పెట్టే ముందు ఆ ప్రశ్నను మరొక్కసారి ఆ పిల్ల వైపు నుంచి చదవండి. ఆ అర్థానికి ప్రశ్నలో చోటుంటే, మార్కులు ఆ పిల్లవే.